కరిగిన పన్ను

రాయపూర్,
ఆగస్టు 1994.

సూరమ్మ వదినగారికి భ్రమరాంబ నమస్కారాలు.

మీరు రామయ్యగారి చేత పంపిన చింతపండు మూట అందింది. మీరు చెప్పినట్టే విప్పకుండా అత్తయ్య చేతికే ఇచ్చాను. ఆవిడ దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. మీ అమ్మగారికి పార్వతీపురం చింతపండు మీద ఉన్న ప్రేమ ఈ కోడలి మీద ఎప్పుడు కలుగుతుందో!

ఇక అసలు సంగతి. నా పరువు పోయింది వదినా.

గుఢియారీ సందులో పళ్ళ ఆస్పత్రి తెరిచాక నా మొదటి పేషెంటు అత్తయ్యే అని రాశాను కదా. పై వరసలో ముందు పన్ను ఎప్పుడో పోయి సందు ఉందిగా, అందులో యాక్రిలిక్ పన్ను ఒకటి పెట్టి, అటూ ఇటూ ఉన్న సొంత పళ్ళకి వెనక నుంచి రెసిన్ సిమెంటుతో అతికించాను. అత్తయ్య అద్దంలో చూసుకుని రైల్వే కాలనీ అంతా తిరిగింది. కనపడ్డ ప్రతివాళ్ళకీ పెదవెత్తి చూపించి "మేరీ బహూ లగాయీ", మా కోడలే పెట్టింది, అనడమే పని. నేనూ పొంగిపోయాను, అబద్ధం ఎందుకు. ఇక్కడివాళ్ళ హరేలీ పండక్కి పక్కింటి సాహూ బాయి పిలిచి, మన జంతికల్లా గట్టిగా ఉండే శనగపిండి ఠేఠ్రీలు పెట్టింది. అత్తయ్య నలుగురి మధ్యా కూర్చుని ఒకటి కొరికింది. పన్ను ఠేఠ్రీకి అంటుకుని బయటికి వచ్చేసింది. "దాయీ, తోర్ దాంత్ గిర్ గే!" అని సాహూ బాయి పెట్టిన కేకకి మా వంటింట్లో నా చేతిలో గిన్నె జారిపోయింది.

తప్పు నాదే. సిమెంటంతా ఆవిడ సొంత పళ్ళ మీదే ఉండిపోయింది. నేను పెట్టిన పన్ను వీపు మాత్రం కడిగిన కంచంలా ఉంది. అంటే సిమెంటు పంటిని పట్టుకుంది కానీ ప్లాస్టిక్కుని పట్టుకోలేదు. యాక్రిలిక్ నున్నటిది, సిమెంటు వేసేముందు దాన్ని బాగా గరుకు చేయాలి. నేను తొందరలో పైపైన గీసి వదిలేశాను. ఈసారి బాగా గీసి, ల్యాబులో లిక్విడ్ అంటామే, యాక్రిలిక్ పొడిని కలిపే ఘాటు ద్రవం, దానితో తడిపి, పైపొర మెత్తబడ్డాక అప్పుడు సిమెంటు వేస్తాను.

ఇంకో చిక్కు ఉంది. ఆవిడ నోరు పూర్తిగా తెరవదు. కొంగు అడ్డం పెట్టుకుని పెదవి మాత్రం పైకెత్తుతుంది. అద్దం లోపలికి పెట్టబోతే, "నా నోరేటి రైలు సొరంగమేటే, తొంగి సూడ్డానికి? ముందు పన్నేగా, ముందే సూడు" అంది. అత్తగారు కదా, ఇంకేమంటాను? తడుముకుంటూ కానిచ్చాను.

మీ తమ్ముడు రైల్వే వ్యాగన్ రిపేరు షాపు నుంచి వచ్చి కథంతా విని నవ్వుతూనే ఉన్నారు. అన్నయ్యగారికి నమస్కారాలు.

మీ మరదలు
భ్రమరాంబ

*

పార్వతీపురం,
ఆగస్టు.

భ్రమరాంబకి దీవెనలు.

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపిస్తే కాఫీ పొలమారింది. డాక్టరు కోడలు వచ్చిందని మా అమ్మ గాల్లో తేలింది. ఇప్పుడు ఆ పన్నూ గాల్లో తేలిందన్నమాట! బెంగపెట్టుకోకు. మొదటి దోసె ఎవరికీ సరిగా రాదు.

అమ్మ నోట్లో చెయ్యి పెట్టనివ్వదు, అది మొదటి నుంచీ ఉన్నదే. బలవంతపెట్టకు. పెద్దవాళ్ళకి సిగ్గుంటుంది. ఆవిడ దగ్గర ఏమైనా వాసన వస్తే అది జర్దా కిళ్ళీ వాసనే, మరేం కాదు.

పోయినసారి పంపిన చింతపండు అయిపోయి ఉంటుంది. అప్పారావు వచ్చే వారం రైలుకి అటు వస్తున్నాడు, ఇంకో మూట ఇస్తున్నాను. అమ్మ చేతికే ఇవ్వు.

నీ వదిన
సూరమ్మ

*

రాయపూర్,
సెప్టెంబరు.

వదినగారికి,

ఈ ఉత్తరం ఏడుస్తూ రాస్తున్నానో నవ్వుతూ రాస్తున్నానో నాకే తెలియడం లేదు.

లిక్విడ్‌తో తడిపి అతికించిన పన్ను గట్టిగానే నిలిచింది. ఠేఠ్రీలు తిన్నా కదలలేదు. అత్తయ్య మళ్ళీ పెదవెత్తడం మొదలుపెట్టింది. వినాయక చవితికి మన తెలుగు సంఘం పందిట్లో హారతి పాట ఆవిడదే కదా. పళ్ళెం చేత్తో పట్టుకుని కళ్ళు మూసుకుని గొంతెత్తింది. రెండో చరణంలో పన్ను ఊడి హారతి పళ్ళెంలో, కర్పూరం పక్కన పడింది. పాట ఆగిపోయింది. చివరికి పంతులుగారే తేరుకుని, దాన్ని తమలపాకుతో పట్టుకుని నాకు అందించారు. నేను భూమిలోకి కుంగిపోవాలనుకున్నాను.

"రేపు మా షాపులో వ్యాగన్‌కి కొట్టే రివెట్టు తెచ్చి ఇస్తాను" అన్నారు మీ తమ్ముడు. నాకు నవ్వు రాలేదు. అభన్‌పూర్ నుంచి పళ్ళ సెట్టు చేయించుకుంటానని వచ్చిన ఆవిడ మళ్ళీ రాలేదు. సొంత అత్తగారికే నిలవని పన్ను ఊళ్ళోవాళ్ళకి నిలుస్తుందా అని కాలనీలో అనుకుంటున్నారట. అనుకోరా మరి? పెట్టిన నెలకే ఆస్పత్రి మూసుకోవాల్సి వచ్చేలా ఉంది.

పన్ను వీపు ఈసారి కాస్త పచ్చబడింది. కిళ్ళీ మరక కాబోలు. నేను ఓడిపోను వదినా. భిలాయ్‌లో నాతో చదువుకున్న రంగనాయకమ్మ ల్యాబులో ఇసుక యంత్రం ఉంది. సన్నటి ఇసుక పొడిని గాలితో విసురుగా కొడితే ప్లాస్టిక్ మీద కంటికి కనపడని గుంటలు పడతాయి, సిమెంటు వాటిలోకి దిగి పట్టు బిగిస్తుంది. ఒకే రకం పళ్ళు రెండు పట్టుకెళ్ళి రెండిటికీ కొట్టిస్తాను. ఒకటి అత్తయ్యకి, ఒకటి పోల్చి చూసుకోవడానికి నా దగ్గర సీసాలో.

అన్నట్టు, చింతపండు ఇంత తొందరగా ఎలా అయిపోతోంది? చారు పెట్టేది నేనే, నా డబ్బాలో పాతదే ఇంకా ఉంది.

భ్రమరాంబ

*

పార్వతీపురం,
సెప్టెంబరు.

భ్రమరాంబకి,

ఆ పన్ను సంగతి వదిలెయ్యి. ఈ వయసులో అమ్మకి పన్ను లేకపోతే ఏమైంది? సందుతోనే ఇన్నాళ్ళూ బతికింది. భిలాయ్ వెళ్ళడాలు, ఇసుక కొట్టించడాలు దేనికి? అమ్మ కాఫీ మరుగుతున్నది మరుగుతున్నట్టే తాగుతుంది, దానికే ఊడి ఉంటుంది. నీ పనిలో లోపం లేదు.

చింతపండు ఆవిడ ఉత్తిగా కూడా నములుతుంది.

సూరమ్మ

*

రాయపూర్,
నవంబరు.

వదినగారికి,

కుశల ప్రశ్నలు తర్వాత. నేను చూసింది ముందు మీకు చెప్పాలి.

ఇసుక కొట్టించిన పన్ను కూడా ఊడింది. ఈసారి నలుగురిలో కాదు, పొద్దున్నే పెరట్లో. అత్తయ్య దాన్ని కొంగున ముడి వేసి తెచ్చి నా చేతిలో పెట్టి, నా మొహం చూడకుండా వెళ్ళిపోయింది.

భూతద్దం కింద పెట్టి చూశాను. నేను గరుకు చేసిన వీపు గరుకుగా లేదు. నిగనిగలాడుతోంది. సన్నటి బుడగలు లేచాయి. ఒక అంచు కిందికి జారి గడ్డకట్టింది. సీసాలో దాచిన జోడు పన్ను తీసి పక్కన పెట్టాను. అది ఇసుక కొట్టించిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. దాన్ని మరుగుతున్న నీళ్ళలో వేశాను. ఏమీ కాలేదు. ఎందుకవుతుంది? పళ్ళ సెట్లను మేం వేడినీళ్ళలో ఉడికించే తయారుచేస్తాం. కాబట్టి మీరు రాసిన కాఫీ కారణం కాదు. ఆఖరికి చాకు ఎర్రగా కాల్చి దాని వీపుకి దగ్గరగా పట్టాను. క్షణాల్లో అదే నిగనిగ, అవే బుడగలు, అదే జారుడు.

వదినా, ఆ పన్ను పట్టు తప్పి ఊడలేదు. కరిగి ఊడింది. మనిషి నోట్లో మరిగే నీళ్ళను మించిన వేడి ఎక్కడి నుంచి వస్తుంది?

మీ తమ్ముడిని అడిగితే మొహం తిప్పుకుని "అమ్మనే అడుగు" అన్నారు. అత్తయ్యని అడిగితే కిళ్ళీ నములుతూ, "ఏటో, నీ సరుకే నాసిది" అంది. ఇంట్లో అందరికీ తెలిసినదేదో నాకొక్కదానికే తెలియదని అనిపిస్తోంది. మీరైనా చెప్పండి. ఆస్పత్రి ఏమైపోయినా ఫరవాలేదు, నాకు భయంగా ఉంది.

భ్రమరాంబ

*

పార్వతీపురం,
నవంబరు.

భ్రమరాంబకి,

ఇక దాచలేను. అమ్మ అడ్డపొగ తాగుతుంది.

మీ పుట్టింటి వైపు ఆడవాళ్ళకి ఈ అలవాటు లేదేమో. చుట్ట ముట్టించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, పెదవులు మూసుకుని పీలుస్తారు. గాలికి ఆరదు, నుయ్యి దగ్గర నీళ్ళు తోడినా తడవదు, ఎవరికీ వెలుగు కనపడదు. మా వైపు పాతకాలం ఆడవాళ్ళకి ఇది వింత కాదు. అమ్మ చివరి ముక్క కూడా పారేయదు. అప్పుడు నిప్పు ముందు పళ్ళ వెనక్కే వచ్చేస్తుంది.

పళ్ళ డాక్టరు పెళ్ళాంగా వస్తోందని తమ్ముడు సిగ్గుపడి గొడవ చేశాడు. అమ్మ వాడి తల మీద చెయ్యి పెట్టి, మానేశానని ఒట్టు వేసింది. మానలేదు. మానలేకపోయింది. చింతపండు ముద్దల మధ్య చుట్టలు పెట్టి పంపేది నేనే. కొడుకు తల మీద వేసిన ఒట్టు తప్పానని ఆవిడకి లోపల ఎంత భయమో నీకు తెలియదు. అందుకే నోరు తెరవదు, నువ్వు కనిపెట్టేస్తావని.

వాడికి చెప్పకు. అమ్మని తిట్టకు. తిట్టాలంటే నన్ను తిట్టు.

సూరమ్మ

*

రాయపూర్,
నవంబరు.

వదినగారికి,

నిప్పు. నోట్లో నిప్పు పెట్టుకుంటారని మీరు రాసిన ముక్క పదిసార్లు చదివాను. అక్షరాలు అర్థమయ్యాయి, సంగతి అర్థం కావడానికి చాలాసేపు పట్టింది.

ఉత్తరం చేత్తో పట్టుకునే అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. "లేవండి, ఆస్పత్రికి పదండి" అన్నాను. ఆవిడ ఉత్తరం చూసింది, మీ చేతిరాత గుర్తుపట్టింది. "సూరి సెప్పీసిందేటి?" అంది. కుర్చీలో కూర్చుని, తనే కొంగు తీసేసి, నోరు తెరిచింది.

అంగిలి అంతా తెల్లబడి, మందం కట్టి, బీటలు వారిన మడమలా ఉంది. ఆ తెలుపులో అక్కడక్కడా ఎర్రటి చుక్కలు. వెనక, సరిగ్గా మధ్యలో, ఒక చోట పొర లేచి పచ్చిగా ఉంది. నేను టార్చి పట్టుకుని నిలబడిపోయాను. ఆవిడే నోరు మూసి, "అంత బాగోనేదా?" అని అడిగింది.

వదినా, మందిర్ హసౌద్ నుంచి వచ్చే కూలిమనిషి నోరు కూడా నేను మూలమూలా చూస్తాను. మొహమాటపడితే కసురుతాను. మా అత్తగారు కొంగు అడ్డం పెట్టుకుంటే నేను కళ్ళు దించుకున్నాను. మర్యాద అనుకున్నాను. ఇన్ని నెలలూ ఒక ప్లాస్టిక్ ముక్క వీపు గీకి, తడిపి, ఇసుక కొట్టించి, సిమెంటు పట్టలేదే అని ఏడ్చాను. వేలెడు దూరంలో ఉన్న అంగిలిని ఒక్కసారి చూడలేదు. నా మీద నాకు అసహ్యం వేస్తోంది.

పచ్చిగా ఉన్న చోట చిన్న ముక్క తీసి పరీక్షకి నాగపూర్ పంపాం. మీ తమ్ముడికి చెప్పక తప్పలేదు. ఆయన ఒట్టు మాట ఎత్తలేదు. వెళ్ళి వాళ్ళమ్మ పక్కన నేల మీద కూర్చున్నారు. ఆవిడ ఆయన తల నిమురుతూ, "నీకేటీ కానేదుగా, నీకేటీ కానేదుగా" అంటూనే ఉంది.

మిగిలిన చుట్టలు తనే తెచ్చి పొయ్యిలో వేసింది.

భ్రమరాంబ

*

పార్వతీపురం,
డిసెంబరు.

భ్రమరాంబకి,

ఊరందరి నోళ్ళూ చూస్తావు, ఇంట్లో ఉన్న ముసలిదాని నోరు చూడలేదా? ఏం చదువు చదివావు? ఇది రాసి కొట్టేద్దామనుకున్నాను, కొట్టేయడం లేదు. నా మనసు నిలకడగా లేదు, తప్పుగా అనుకోకు.

నాగపూర్ నుంచి ఏం వచ్చిందో వెంటనే రాయి. ఇంకా కొన్ని అడగాలి. ఆ తెల్లటిది నొప్పి పెడుతుందా? నొప్పి లేకపోతే ప్రమాదం లేనట్టేనా? ఎర్ర చుక్కలు ఎప్పుడూ ఉంటాయా, వచ్చి పోతుంటాయా? కారం తగిలినప్పుడే మంట పుడితే అది మామూలేనా? దసరా నుంచీ మానని పుండు, ఎడమ పక్కన ఉన్నది, కొబ్బరినూనె రాసినా తగ్గకపోతే దానికేం చేయాలి?

అన్నిటికీ జవాబు రాయి. ఉత్తరం నా పేరు మీదే వెయ్యి, మీ అన్నయ్య పేరు మీద వద్దు.

సూరమ్మ

*

రాయపూర్,
డిసెంబరు.

వదినగారికి,

నాగపూర్ నుంచి కబురు వచ్చింది. అత్తయ్యది క్యాన్సర్ కాదు. ఆ దారిలో నడుస్తోంది కానీ ఇంకా చేరలేదు. పచ్చిగా ఉన్న చోటు కోసి తీసేశారు. చుట్ట జోలికి వెళ్ళకుండా ఉంటే మిగతాది చాలావరకు మెత్తబడుతుందట. కొన్నాళ్ళకొకసారి చూసుకుంటూ ఉండాలి. మీ తమ్ముడు వ్యాగన్ షాపంతా మిఠాయి పంచారు. నాలుగోసారి పన్ను అతికించాను. వీపు గరుకు చేసి, లిక్విడ్‌తో తడిపి, మామూలుగానే. అది కదలడం లేదు.

ఇంత మంచి కబురు రాసి ఇక్కడితో ఎందుకు ఆపలేకపోతున్నానో మీకు తెలుసు.

వదినా, అత్తయ్య పుండు వెనక, మధ్యలో ఉందని రాశాను. మీరు ఎడమ పక్క అని అడిగారు. కొబ్బరినూనె సంగతి నేను రాయలేదు. దసరా సంగతీ రాయలేదు. మీ ప్రశ్నలు ఒక్కొక్కటే వేలు పెట్టి మళ్ళీ చదువుకున్నాను. అవి అత్తయ్య గురించి అడిగినవి కావు.

నేను పొరబడ్డానని రాయండి. పొరబడితే మీ కాళ్ళు పట్టుకుని క్షమించమంటాను.

భ్రమరాంబ

*

పార్వతీపురం,
జనవరి 1995.

భ్రమరాంబకి,

నువ్వు పొరబడలేదు.

మా పెద్దవాడు కడుపులో ఉన్నప్పుడు దవడ పన్ను పోటుతో గోడకి తల కొట్టుకున్నాను. మందులు వేసుకోకూడదన్నారు. అమ్మ తన నోట్లో చుట్ట తీసి నా నోట్లో పెట్టింది. "నిప్పు లోపలికెట్టుకోయే, పోటు సచ్చిపోద్ది" అంది. నిజంగానే తగ్గింది. తర్వాత ఆ పన్ను పోయింది. చుట్ట పోలేదు. మీ అన్నయ్యకి ఇప్పటికీ తెలియదు. అమ్మ ఒట్టు కోసం దాచానని నీకు రాశాను. అది సగమే. అమ్మ సంగతి బయటపడితే నా సంగతీ బయటపడుతుందని దాచాను. ఆ పన్ను ఊడిన ప్రతిసారీ నీ ఉత్తరం చదివి నవ్వి, పెరట్లోకి వెళ్ళి ముట్టించుకున్నాను.

నువ్వు అంగిలి గురించి రాసిన ఉత్తరం పక్కన పెట్టుకుని, చేతి అద్దం, టార్చి పట్టుకుని చూసుకున్నాను. నువ్వు రాసినవన్నీ ఉన్నాయి. తెలుపు ఉంది. చుక్కలు ఉన్నాయి. పుండు అమ్మదానికన్నా పెద్దది. ఇప్పుడు మింగుడు పడడం లేదు, అన్నం జావ చేసుకుని తాగుతున్నాను. పళ్ళు నొప్పి అని చెప్పాను ఇంట్లో.

నాకు చావంటే భయం లేదనుకునేదాన్ని. ఉంది. చాలా ఉంది.

ఒక్కటే కోరిక. అమ్మకి చెప్పకు.

సూరమ్మ

*

రాయపూర్,
జనవరి.

వదినా,

అత్తయ్యకి చెప్పాను. మీ మాట కాదన్నాను. ఈ ఇంట్లో ఒకరి కోసం ఒకరు దాచింది ఇక చాలు.

విని ఆవిడ ఏడవలేదు. తన రెండు చేతులూ చూసుకుని, "కన్నకూతురి నోట్లో నిప్పెట్టీసినాను" అంది. అది వినకుండా చెవులు మూసుకోవాలనిపించింది నాకు. కాసేపటికి నా దగ్గరికి వచ్చి, "ఈ పన్ను పీకీయే, నాకెందుకు" అని నోరు తెరిచింది. నేను పీకనన్నాను. పీకడానికి అది రాదు కూడా, అంత గట్టిగా పట్టుకుంది.

మీ తమ్ముడు తోడు వస్తానన్నా వద్దంది. "నాను పెట్టినాను, నానే తీస్తాను, నువ్వు రాకు" అని ఒక్కతే బయలుదేరింది. ఇప్పుడే రైలు ఎక్కించి వచ్చి ఇది రాస్తున్నాను. ఈ ఉత్తరం కన్నా ముందే ఆవిడ మీ గుమ్మంలో ఉంటుంది. అన్నయ్యగారికి ఆవిడే చెబుతుందట. మిమ్మల్ని వెంటబెట్టుకుని రావాలి, ఒక్కతే తిరిగి రాకూడదు అని చెప్పి పంపాను. నాగపూర్‌లో పెద్ద డాక్టరుతో మాట్లాడాను, మీ కోసం చూస్తూ ఉంటారు.

ఏమవుతుందో నాకు తెలియదు. తెలిసినట్టు రాసి మిమ్మల్ని మభ్యపెట్టను. ముందు నా కుర్చీలో కూర్చోవాలి మీరు. ఆ కాసేపు నేను మీ మరదలిని కాను, మీరు నాకు పెద్దవారు కారు. కొంగు అడ్డం పెట్టుకుంటే లాగేస్తాను. ఒకసారి కళ్ళు దించుకున్నది చాలు.

త్వరగా రండి. చింతపండు మాత్రం తేవద్దు.

మీ
భ్రమరాంబ